చిటికెన కొన్న పెడల్

బావ ఫోన్ చేసేసరికి ఆమె మిషను మీద యూనిఫాం చొక్కాల కాలర్లు కుడుతోంది. రెండేళ్లలో ఆయన ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"ఏం మరదలా, బాగున్నావా? పెద్ద ప్రోగ్రాం ఒకటి తగిలింది. ఫ్యాక్టరీ వాళ్ల వార్షికోత్సవం. వాళ్ల ఓనరు ముసలాయన మన రికార్డు విన్నాడట. మొదట్లో గిటారు ఏడుస్తుందే, ఆ పాటే కావాలంటున్నాడు. మా తమ్ముడి వల్ల కావట్లేదు."

"నా వల్ల మాత్రం ఎలా అవుతుంది బావా? వేలు లేదుగా."

"వేలెందుకు? కాలితో తొక్కే వాల్యూమ్ పెడల్ ఒకటి కొనుక్కో. రోజూ మిషను తొక్కేదానివి, నీకెంతసేపు? అయిందేదో అయిపోయింది. ఇంకా మనసులో పెట్టుకుంటే ఎలా చెప్పు?"

"సరే బావా, వస్తాను," అంది ఆమె. ఆయన ఇంకా బతిమాలడానికి సిద్ధంగా ఉన్నాడు కాబోలు, తేదీ రెండుసార్లు చెప్పాడు. ఫోన్ పెట్టేశాక ఆమె మళ్లీ కాలరు అందుకుంది. సూది కింద బట్ట వంకర పోయింది. ఎన్నో ఏళ్లుగా ఆమె కుట్టు వంకర పోలేదు.

బ్యాండులో అందరూ ఆమెను చిటికెన అనేవారు. గిటారు ఒంటి మీద ధ్వనిని పెంచి తగ్గించే గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. ఆమె కుడిచేతి చిటికెనవేలిని దానికి ఆనించి, ధ్వనిని సున్నాలో ఉంచి తీగ మీటేది. మీటీ మీటగానే ఆ వేలితో బిళ్లను మెల్లగా తిప్పేది. మీటిన చప్పుడు వినపడేది కాదు. స్వరం ఎక్కడో వీధి చివర పుట్టి, ఏడుస్తూ మన గుమ్మం దాకా నడిచొచ్చినట్టుండేది. బావ కీబోర్డు వాయించేవాడు, బ్యాండు ఆయనది. కానీ జనం వచ్చేది ఆ ఏడుపు కోసం. ఆ సంగతి ఆయనకు తెలుసు, అదే ఆయనకు మింగుడుపడేది కాదు.

ఒక స్టూడియో వాళ్లు ఆమెను విడిగా రికార్డు చేస్తామని పిలిచారు. ఆ వార్త బావ చెవిన పడిన వారానికి, రిహార్సల్ అయ్యాక అందరూ వ్యానులో సామాను సర్దుతున్నారు. ఆమె యాంప్లిఫయరు లోపలికి నెట్టి, కుడిచెయ్యి తలుపు చట్రం మీద ఆనించి ఊపిరి తీసుకుంటోంది. బావ ఆ చేతిని చూశాడు. ఆమె మొహం చూశాడు. తలుపు లాగి వేశాడు.

ఆసుపత్రిలో చిటికెనవేలు రెండో కణుపు దాకా తీసేశారు. "చూసుకోకుండా చెయ్యి పెట్టింది డాక్టరుగారూ," అని బావే చెప్పాడు. ఆ రోజు వ్యాను ముందు సీట్లో కూర్చున్న అక్క పక్క అద్దంలో అంతా చూసింది. "మీ బావ కావాలని చేస్తారా? పిచ్చిదానా," అంది. అలా అంటున్నప్పుడు అక్క కళ్లు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. నెల తిరక్కుండానే బ్యాండులో గిటారు వాయించే పని బావ తమ్ముడికి వెళ్లింది. స్టూడియో వాళ్లు మళ్లీ పిలవలేదు. అప్పట్నుంచి చిటికెన అనే పేరు పలకడానికి ఎవరికీ నోరు రాలేదు, డ్రమ్ములు వాయించే పిడుగుకి తప్ప. పేరుకి పిడుగేగాని మనిషి మెత్తన. పాతికేళ్ల అలవాటు కొద్దీ ఆయన నోట అదే వచ్చేది.

ఫోన్ వచ్చిన మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, తన పాత గిటారు భుజాన వేసుకుని ఆమె వాయిద్యాల కొట్టుకి వెళ్లింది. కొట్టాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని గిటారు చూశాడు.

"ఇందులో బ్యాటరీ ఉందా అమ్మా?"

"లేదండీ. మామూలుది."

"అయితే ఆ అరలోవి వద్దు. అవి బ్యాటరీ గిటార్లకి. వాటిని దీనికి తగిలిస్తే తీగకి జలుబు చేసినట్టుంటుంది. ఇటు రండి."

నేల మీద మూడు పెడల్స్ వరసగా పెట్టాడు. ఆమె చెప్పులు విప్పింది. కొట్టాయన ఆశ్చర్యంగా చూస్తే, "మిషను కూడా ఒట్టికాలితోనే తొక్కుతానండీ, లేకపోతే ఎంత తొక్కానో నాకు తెలీదు," అంది.

మొదటిది తేలికైన ప్లాస్టిక్‌ది. తీగ మీటి పాదం వంచింది. సగం దాకా ఏమీ లేదు. ఇంకాస్త వంచేసరికి ధ్వని ఒక్కసారిగా మీద పడింది.

"ఇది కొత్త కుట్టుపిల్ల కాలు," అంది. "ఆగితే ఆగిపోతుంది, లేకపోతే పరిగెడుతుంది. మధ్యలో నడక లేదు."

కొట్టాయన నవ్వాడు. రెండోది బరువైన ఇనుపది, లోపల దారంతో తిరిగేది. పాదం ఎంత వంచితే అంతే పలికింది. కొట్టాయన దాన్ని తెగ మెచ్చుకున్నాడు. ఆమె మడమ పూర్తిగా దించి, తీగను గట్టిగా మీటి, స్పీకరు దగ్గర చెవి పెట్టింది.

"ఇంకా వినపడుతోంది."

"అది వెంట్రుకవాసి అమ్మా. దూరానికి ఎవరికీ తెలీదు. అలా కొంచెం ఉంటేనే మంచిదంటారు చాలామంది, పొరపాటున మడమ పడినా పాట ఆగిపోకుండా."

"నాకు పూర్తిగా పోవాలి. మడమ దించితే కొనఊపిరి కూడా ఉండకూడదు."

"పూర్తిగా ఎందుకమ్మా?"

"అవసరం," అంది. ఆ మాట అన్న తీరుకి కొట్టాయన రెండోది పక్కకు జరిపి మూడోది ముందుకు తోశాడు.

మూడోది ఎవరో వాడి అమ్మేసింది. రంగు లేచిపోయింది. కొట్టాయనే దానికి కొత్త దారం వేశాడు. పక్కన ఉన్న మర తిప్పితే బిగువు పెరుగుతుంది, తగ్గుతుంది. ఆమె మరను కొంచెం కొంచెంగా తిప్పిస్తూ, వదిలిన చోట పాదం పెట్టే పలక కదలకుండా నిలబడేదాకా కూర్చుంది. తరవాత మడమ దించి మీటింది. స్పీకరుకి చెవి ఆనించింది. ఏమీ లేదు. ఇంకా గట్టిగా మీటింది. తీగ ఊగడం కంటికి కనిపిస్తోంది, చెవికి మాత్రం ఏమీ లేదు. ఆమె మొహంలో ఏదో వెలిగింది.

"ఇది ఇచ్చేయండి."

ఆమె ఏం చేయబోతోందో ఫోన్లో సరే అన్నప్పుడే తేల్చుకుంది. ఇక కావాల్సింది సాధన. పన్నెండు రోజులు, పనికి వెళ్లే ముందు గంటా, వచ్చాక గంటా వాయించింది. వేలు చేసిన పని పాదం నేర్చుకుంది. నాలుగో రోజుకి పాత ఏడుపు వచ్చింది. ఎనిమిదో రోజుకి పాతదానికన్నా పొడుగ్గా, ఊపిరి ఆడనివ్వని ఏడుపు వచ్చింది. అది విన్నప్పుడు ఆమెకు కోపం తగ్గలేదు. రెండేళ్లు బావ తన దగ్గర ఏం లేకుండా చేశాడో గుర్తొచ్చి ఇంకా రగిలింది.

రిహార్సల్లో ఒక్క తప్పు లేకుండా వాయించింది. బావ కీబోర్డు వదిలేసి చప్పట్లు కొట్టాడు. "చూశావా, నేను చెప్పలా!" అన్నాడు తమ్ముడితో. పిడుగు కర్రలు ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. "చిటికెనా, మళ్లీ వచ్చావు తల్లీ," అన్నాడు. ఆ మాటకు ఆమె ఒక్క క్షణం తడబడింది. ఆయనకు చెప్పేద్దామా అనుకుంది. చెప్పలేదు.

ఫ్యాక్టరీ ఆవరణలోనే పెద్ద హాలు. మిట్టమధ్యాహ్నం. ముందు వరసలో ముసలాయన, ఆయన పక్కన పెద్ద ఉద్యోగులు. బావ మైకులో, "మీరు అడిగిన పాట, మా బ్యాండు సొంతం," అన్నాడు. ఆ సొంతం అన్న మాట దగ్గర ఆమె పాదం పెడల్ మీద పెట్టింది.

తొలి నాలుగు స్వరాలు ఇచ్చింది. కుర్చీల చప్పుళ్లు ఆగిపోయాయి. ముసలాయన కళ్లు మూసుకున్నాడు. ఆ రుచి చూపించడం అవసరం. లేకపోతే ఏం పోయిందో వాళ్లకు తెలియదు. పాట మధ్యలో ఒకచోట బ్యాండంతా ఆగి గిటారు ఒక్కటే పలకాలి. రికార్డులో అందరూ ఎదురుచూసేది దాని కోసమే. పిడుగు కర్రలు పైకెత్తి ఆపాడు. బావ చేతులు కీబోర్డు మీంచి తీశాడు. ఆమె మడమ దించింది.

వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఒక్క స్వరం తప్పకుండా, తల కొంచెం వంచి, మొత్తం వాయించింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. సౌండువాడు మీటలన్నీ పైకి తోశాడు. బుస్సుమని గాలి వచ్చింది, అంతే. ముసలాయన కళ్లు తెరిచి చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, అది పది వరసలు పాకింది. బావ పళ్లు కొరుకుతూ, "వాయించు! వాయించు!" అన్నాడు. ఆ మాట మైకులో హాలంతా వినపడింది. కంగారులో ఆయన కీబోర్డు మీద చెయ్యి వేస్తే అది వేరే శ్రుతిలో మోగింది. నవ్వు హాలంతా అందుకుంది. ముసలాయన లేచి వెళ్లిపోయాడు.

తెర వెనక బావ ఆమె దారికి అడ్డం వచ్చాడు. "ఏమైంది? వైరు ఊడిందా?"

"ఏదీ ఊడలేదు. నేనే ఆపాను."

"నువ్వే ఆపావా? నా పరువు గంగలో కలిపావు కదే! ఎందుకు?"

"నా వేలు ఎందుకు తీశారో అందుకే."

బావ తమ్ముడు, పిడుగు, అక్క ముగ్గురూ అక్కడే ఉన్నారు. బావ మొహం కందగడ్డలా అయింది. "అవును, వేశాను తలుపు! చూసే వేశాను! నా బ్యాండులో ఉంటూ నా నెత్తికెక్కితే ఊరుకుంటానా?" అని అరిచాడు. అరిచాక గాని ఏమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంటికెళ్లేదాకా అన్న మొహం చూడలేదు.

పిడుగు డ్రమ్ముల మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఆమె సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాడు చేసింది పాపమే. కానీ స్టేజీ మీద నేనూ ఉన్నాను కదమ్మా. ఆ నవ్వులు నాకూ తగిలాయి. ఒక్క మాట ముందు చెప్పకూడదూ?"

"చెబితే నువ్వు ఆపేవాడివి బాబాయ్."

"ఆపేవాడినే," అని ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

ఆ తరవాత ఆ బ్యాండుని ఎవరూ పిలవలేదు. మైకులో వినపడిన ఆ "వాయించు! వాయించు!" అనే మాటని జనం అనుకరించి నవ్వుకునేవారు. తమ్ముడు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. బావ కీబోర్డుకి గుడ్డ కప్పాడు. ఇవన్నీ చెవిన పడినప్పుడల్లా చిటికెన కడుపు చల్లబడేది. దాన్ని ఆమె దాచుకోలేదు, సిగ్గుపడలేదు. మిషను మీద కూని రాగం తీసేది. పిడుగు విషయం ఒక్కటే మధ్యమధ్య గుచ్చుకునేది. రెండుసార్లు ఆయన ఇంటికి వెళ్లింది. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసి, మంచినీళ్లిచ్చి, పాట ఊసు ఎత్తకుండా పంపేశాడు.

మూడు నెలలకు అక్క కుట్టు షెడ్డుకి వచ్చింది. చిటికెన బట్టల కుప్ప వెనక నుంచి చూసింది, లేవలేదు.

"నీ కసి తీరిందా?" అంది అక్క.

"ఆయన మీద తీరింది."

అక్క అర్థం చేసుకుంది. "అద్దంలో చూశాను," అంది. "తలుపు వేసేముందే ఆయన మొహం చూశాను. అరిస్తే నువ్వు చెయ్యి తీసేసేదానివి. అరవలేదు."

"ఎందుకు అరవలేదక్కా?"

"నీ పేరే అందరి నోటా ఉండేది. నాకూ కడుపు మండేది."

చిటికెన పాదం మిషను పెడల్ మీద బిగుసుకుంది. ఎన్నిసార్లో ఊహించుకుంది అక్కను నిలదీయడం. ఇంత తిన్నగా చెబుతుందని మాత్రం ఊహించలేదు.

"వెళ్లు," అంది.

అక్క వెళ్లలేదు. గోడవారగా ఉన్న స్టూలు లాక్కుని, కుట్టు పూర్తయిన చొక్కా ఒకటి తీసి, వేలాడుతున్న దారాలు కత్తిరించసాగింది. చిటికెన ఆమె వైపు చూడకుండా ఇంకో కాలరు సూది కింద పెట్టింది. మొదటి చొక్కా అయ్యాక అక్క రెండోది తీసింది. చిటికెన వద్దనలేదు. అలాగని, ఆ కత్తెరకు పదును లేదని, సొరుగులో వేరేది ఉందని కూడా చెప్పలేదు.