కప్పు మీది మనుషులు

రోజూ పొద్దున్నే అఫ్రా పెద్ద హాల్లో నారింజ తొక్కలు ఊడ్చేది. కప్పు మీద బొమ్మల్లో ఉన్నవాళ్లు తిని కిందికి విసిరేసేవే అవన్నీ.

"ఏం ఫెర్మో, మీ ఇంట్లో చెత్తబుట్ట లేదూ?" అని తలెత్తి అరిచేది.

"మా అయ్యగారు గియ్యలేదు మరి!" అనేవాడు ఫెర్మో, పిట్టగోడ మీద వాలి మాండొలిన్ శ్రుతి చేసుకుంటూ.

ఆస్ట్రియాలో గ్రాట్స్ దగ్గర్లోని ఆ మహలు గోడలు లేపిందీ, కప్పుకు రంగులు వేసిందీ ఇటలీ నుంచి వచ్చిన ఒత్తావియో గ్రందెల్లీయే. కప్పు నిండా ఆకాశం, అంచున పిట్టగోడ, దాని వెనక ఆయన ఊరి జనం. రంగు ఆరిన మర్నాడే వాళ్లు కబుర్లు మొదలుపెట్టారు. మూర్ నదిలో పడవ మునిగి మొగుడు పోయాక, అఫ్రాని నవ్వించినవాడు ఫెర్మో ఒక్కడే.

ఈస్టర్ విందులో ఆ మహలు ప్రభువు తన యుద్ధాల గొప్పలు చెబుతుంటే పైనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అతిథులూ ఆగలేకపోయారు. ప్రభువు మొహం కందగడ్డయింది.

"రేపటికల్లా వాళ్లందరి మీదా సున్నం కొట్టు. ఆకాశం ఒక్కటి చాలు," అన్నాడు ఒత్తావియోతో.

ముసలాయన సున్నం బకెట్టు ముందు కూలబడ్డాడు. అఫ్రా వచ్చి ఎదురుగా నిలబడింది.

"అయ్యగారూ, ఇన్ని గదుల ఇల్లు కట్టారు. వాళ్లకొక్క తలుపు పెట్టలేకపోయారా?"

"పెడితే ఎటు తెరుచుకుంటుందో!"

"తెరిస్తే కదా తెలిసేది!"

ఆయనకీ అదేదో చూడాలనిపించింది. పరంజా ఎక్కి, పొద్దుగూకేలోగా పిట్టగోడ వెనక ఒక ఆకుపచ్చ తలుపు గీశాడు. ఫెర్మో పిడి ముట్టుకుని, "ఇంకా తడిగానే ఉంది," అన్నాడు.

తెల్లారేసరికి పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. ప్రభువు తలెత్తి చూసి, "సున్నం బాగా కుదిరిందయ్యా," అని మెచ్చుకున్నాడు.

వాళ్లు ఏ దిక్కుకి పోయారో తెలియక, అఫ్రా కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. బల్ల చుట్టూ జనం కిటకిటలాడుతున్నారు. నిన్నటిదాకా లేని ఆకుపచ్చ తలుపొకటి గోడకు బార్లా తెరిచి ఉంది. "ఇంతమంది వస్తారని ముందే చెప్పొద్దూ?" అని గొణుగుతూ వంటామె రొట్టె కోస్తోంది. పొయ్యి దగ్గర ఫెర్మో చేతులు కాచుకుంటున్నాడు.

"ఈ కింద ఇంత చలా!" అన్నాడు.

అఫ్రా అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు ఇంత పొట్టివాడివా!" అంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

మిగతావాళ్లు రొట్టెలు మూటగట్టుకుని దక్షిణాన ఇటలీ దారి పట్టారు. ఫెర్మో ఉండిపోయాడు. ద్రాక్షకోతలయ్యాక పెళ్లి.

"ఏ ఊరబ్బాయ్ నీది?" అని అడిగాడు పాదిరి.

ఫెర్మో వేలెత్తి పైకి చూపించాడు.

"ఓహో, కొండ మీదివాళ్లా," అంటూ పాదిరి ఇద్దరి చేతులూ కలిపాడు.