టీ రుచి చూసేవాడి పళ్ళు

జుర్రుబాబు అసలు పేరు టీ కంపెనీలో ఎవరికీ గుర్తులేదు. రోజుకు రెండొందల కప్పుల టీ చెంచాతో జుర్రున లాగి, నాలుకంతా తిప్పి, తొట్టిలో ఉమ్మేసి, ఏ సరుకు ఎలాంటిదో చెప్పడం అతని ఉద్యోగం. ఆ చప్పుడు పక్కగదిలోకి కూడా వినబడేది కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

ఇరవై ఆరేళ్ళు జుర్రితే పళ్ళు ఎలా ఉంటాయి మరి? తోమని ఇత్తడి చెంబులా ఉన్నాయి. పైగా అతనికో నియమం. పేస్టు ఘాటు నాలుకకు తగిలితే టీ రుచి తెలియదని, పొద్దునే కాదు, రాత్రి కూడా పేస్టు ముట్టేవాడు కాదు. వేలితో, వట్టి నీళ్ళతో సరి. నాలుక మీద అంత భక్తి ఉన్న మహానుభావుడికి పళ్ళ మీద ఇసుమంతైనా లేదు.

భార్య పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి కూతురు వేరే ఊళ్ళో మరదలి ఇంట్లో ఉండి చదువుకుంటోంది. అతను రెండు నెలలకోసారి వెళ్ళొస్తాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు కూతురి స్నేహితురాలు అతని నోటి వంక చూసి మొహం తిప్పుకుంది. అంతే, ఆ రోజునుంచి అతను కూతురి ముందు పెదవి విప్పి నవ్వలేదు. మూతి బిగించుకుని, పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడి బస్సెక్కేవాడు. ఇంటికొస్తే పలకరించే దిక్కు లేదు. ఒక్కడికని వండుకున్న పిడికెడు అన్నం ఎప్పుడూ అడుగంటేది.

ఇప్పుడు పిల్లకి ఇంటర్ అయిపోయింది. "వచ్చెయ్యి తల్లీ, మనింట్లో ఉండి డిగ్రీ కాలేజీకి వెళ్దువుగాని" అని ఈసారి ఎలాగైనా అడగాలి. అది మూతి బిగించుకుని అడిగే మాట కాదు, నవ్వుతూ అడగాలి. ఫోన్లో అడగొచ్చుగా అంటారా? ఫోన్లో కాదనడం సులువని అతని భయం.

నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి వారం రోజులు బరబరా తోమాడు. ఆ తర్వాత ఓ పొద్దున వేడి టీ నోట్లో పడగానే పళ్ళు జివ్వుమని, తొట్టి దాకా ఆగలేక మేనేజరు చొక్కా మీద ఉమ్మేశాడు. మేనేజరే అతన్ని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తరిమాడు.

"నిమ్మకాయతో తోమమని ఎవరు చెప్పారండీ?" అందావిడ.

"నాకే తోచింది. పేస్టు ఘాటుకి టీ రుచి తెలియదని పేస్టు ముట్టనండీ."

"బాగానే తోచింది. పులుపు పంటి పైపొరని తినేస్తుంది. ఆ గరుకుకి మరక ఇంకా పట్టుకుంటుంది. పేస్టు రాత్రి వేసుకోండి, తెల్లారేసరికి ఆ ఘాటు ఎక్కడుంటుంది? నాలుగు కప్పులకోసారి మంచినీళ్ళు పుక్కిలించండి. పళ్ళు కుదుటపడ్డాక, మెత్తటి బ్రష్షు మీద చిటికెడు తినే సోడా, వారానికి రెండుసార్లు. సుతారంగా తోమాలి, గిన్నెలు తోమినట్టు కాదు. గట్టిపడ్డ గార మాత్రం ఇంట్లో పోదు, అది నేను తీస్తాను."

"ఆదివారానికి తెల్లబడతాయా?"

"నెలన్నా పడుతుంది. అంత తొందరేంటి?"

అతను ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేసి, పనుందని అబద్ధమాడి, ఆదివారం ప్రయాణాన్ని నెల వాయిదా వేశాడు. ఆ నెలంతా డాక్టరమ్మ చెప్పినట్టల్లా చేశాడు. గార తీయించుకున్నాడు. మరీ ముత్యాలు కాకపోయినా, అద్దంలో చూసుకుంటే మనిషి పళ్ళలాగే కనబడ్డాయి. సంతోషం పట్టలేక అద్దంతోనే నాలుగు మాటలు మాట్లాడాడు. ఇంట్లో ఇంకెవరున్నారు గనక.

మరదలి ఇంటి ముందుగదిలో కూతురు ఎదురుగా కూర్చుంది. అతను నోరారా నవ్వి, అడగాల్సింది అడిగేశాడు.



"పోయిన వారమే ఇక్కడ కాలేజీలో చేరిపోయాను నాన్నా. మూడేళ్ళ చదువు. పోయిన నెల వస్తావని చూశాను, పనుందన్నావు. వచ్చినప్పుడల్లా మూతి బిగించుకునే ఉంటావు కదా. నేను నీకు బరువేమో అనుకున్నా. పిన్నిని అడిగితే ఇక్కడే ఉండిపొమ్మంది."

పళ్ళ సంగతి చెప్పెయ్యాలనుకున్నాడు. ఇన్నాళ్ళ దూరానికి ఆ కారణం ఎంత చిన్నదో తలుచుకుంటే నోరు రాలేదు.

"మంచి పని చేశావు తల్లీ," అని నవ్వాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"నవ్వితే బాగుంటావు నాన్నా," అంది కూతురు.

బస్సుకి ఇంకా రెండు గంటలుంది. అంతసేపూ నవ్వుతూనే కూర్చున్నాడు.