వాషరు లేని రివెట్టు

పెట్టెల మేస్త్రి కొవ్వొత్తి ముక్కతో జిప్పు పళ్ళని పైనుంచి కిందిదాకా రుద్ది, రన్నర్‌ని లాగి చూశాడు. అది సగం దాకా వచ్చి మొండికేసింది. పట్టకారుతో దాని చెంపలు రెండూ కొద్దిగా నొక్కి మళ్ళీ లాగితే, ఈసారి ఏ పేచీ లేకుండా చివరిదాకా వెళ్ళింది. ఆ ఎర్ర బ్యాగుని తిరగేశాడు. చక్రాల సందుల్లో ఇసుక ఉంది. రివెట్ల తలల మీద తెల్లటి పొర, దాని కింద తుప్పు. ఆ పొరని గోటితో గీకి నాలిక చివర పెట్టుకున్నాడు. ఉప్పగా తగిలింది. అంటే ఇది రాజధాని వెళ్ళొచ్చిన బ్యాగు.

సముద్రం ఒడ్డునున్న ఆ రాజధానిని అతను ఎన్నడూ చూడలేదు. అక్కడినుంచి వచ్చిన బ్యాగుల్ని మాత్రం చూస్తూనే ఉంటాడు. వాటి సొంతదారులు కనిపిస్తే ఊరికే వదలడు. అక్కడి గాలి నిజంగా మనిషిని పక్కకి నెట్టేస్తుందా? కొండ మీద ఇళ్ళ గోడలన్నింటికీ బొమ్మలేసి ఉంటాయటగా, వానకి వెలిసిపోవా? రేవులో సాయంత్రాలు పాడేవాళ్ళు ఎవరైనా అడిగితే పాడతారా, వాళ్ళంతట వాళ్ళే పాడతారా? జిప్పు బాగు చేయించుకుందామని వచ్చిన పాపానికి ఇన్ని జవాబులు చెప్పలేక, కొంతమంది రెండోసారి వేరే కొట్టు చూసుకున్నారు.

మేస్త్రిది పొట్టి శరీరం. రోజంతా వంగి కూచోవడంతో మెడ ముందుకు సాగి, నిలబడ్డా ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు. ఎడమ బొటనవేలి గోరు సుత్తి దెబ్బలకి నల్లబడిపోయింది. పని కుదరకపోతే కింది పెదవి కొరుక్కుంటాడు, కుదిరితే ఈల వేస్తాడు. ఆ ఉదయం ఈల వేస్తూనే ఉన్నాడు, తాళాల బావ గుమ్మంలో నిలబడేదాకా.

తాళాల బావది పక్క కొట్టు. తాళంచెవులు చేస్తాడు. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఎప్పుడో ఒకరినొకరు బావా అని పిలుచుకున్నారు, అది అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం బేరాలు లేని వేళ రెండు కొట్లకీ మధ్యనున్న మెట్టు మీద కూచుని రాజధాని ప్రయాణం వేసుకోవడం వాళ్ళకి ఏళ్ళ తరబడి అలవాటు. రైలా, బస్సా. కిటికీ పక్కన ఎవరు. దిగగానే ముందు రేవుకా, బొమ్మలాటల వీధికా. రేవుకే అని మేస్త్రి, వీధికే అని బావ. ఈ ఒక్క సంగతి మీద ఒకసారి కొన్నాళ్ళు మాటలు కూడా మానేశారు. ప్రయాణం మాత్రం ఎప్పటికప్పుడు వాయిదా పడింది. ఓసారి మేస్త్రి తల్లి మంచాన పడింది, ఓసారి కొట్టు మార్చాల్సి వచ్చింది, తర్వాత మోకాలి నొప్పి, ఆ తర్వాత ఏ కారణమూ లేకుండానే. వెళ్తే ఇద్దరం కలిసి వెళ్ళాలన్నది మాత్రం ఎవరూ అనకుండానే ఒప్పుకున్న మాట.

బావ చంకలో ఒక పాత పెట్టె ఉంది. పిడి ఒక పక్క ఊడి వేలాడుతోంది.

"బావా, దీని పిడి కాస్త చూసిపెడతావా?"

"ఎక్కడికి ప్రయాణం?"

"ఇక్కడికేలే."

"ఇక్కడికే అయితే ఇంత పెట్టెందుకు?"

బావ వీధిలోకి చూశాడు. చేతులకంటిన ఇత్తడి పొడిని చొక్కాకి తుడుచుకున్నాడు. "మా అమ్మాయి అత్తగారి వాళ్ళు రాజధాని వెళ్తున్నారు. వ్యానులో ఒక్క చోటు మిగిలిందట. నిన్న మా వియ్యంకుడు ఇంటికొచ్చి కూచున్నాడు, రావాల్సిందేనని. కాదంటే అమ్మాయికి మాటొస్తుంది కదా."

"ఎప్పుడు?"

"ఈ సాయంత్రమే."

"మంచిదే," అన్నాడు మేస్త్రి. "అక్కడ పెట్టి వెళ్ళు."

బావ పెట్టెని బల్ల పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి ఎర్ర బ్యాగుని పక్కన పడేసి బావ పెట్టెని ఒళ్ళోకి లాక్కున్నాడు. వేలాడుతున్న పిడిని కోపంగా ఒక్క గుంజు గుంజాడు. వెళ్తున్నందుకు కాదు అని తనకి తాను చెప్పుకున్నాడు, చెప్పకుండా దాచినందుకు అని. కానీ అది అబద్ధమని అతనికే తెలుసు. వెళ్తున్నందుకే. ఆ ఊరు గురించి బావకి తెలిసిందంతా ఈ మెట్టు మీద తను చెప్పిందే. అడిగినవాడు తను, పోగుచేసినవాడు తను, నాలిక మీద ఉప్పు చూసినవాడు తను. చూసేది మాత్రం ఆ పొడుగుకాళ్ళ మనిషి. అదీ వియ్యంకుడి పక్కన, మర్యాదలు అందుకుంటూ.

రివెట్టు పని చిన్నది. బయటినుంచి రివెట్టు దూర్చి, లోపల అస్తరు కింద దానికో వాషరు బిళ్ళ తొడిగి, చివరని సుత్తితో చితక్కొట్టాలి. వాషరు ఉంటే బరువు చుట్టూ పంచుకుంటుంది. లేకపోతే రివెట్టు ఒక్కటే మోయాలి. ఖాళీ పెట్టెకి ఏమీ కాదు. నిండు పెట్టెని కొన్నిసార్లు ఎత్తి దించితే మాత్రం, రెక్సిన్‌ని చీల్చుకుని ఊడొస్తుంది. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

మేస్త్రి చెయ్యి వాషర్ల డబ్బా దాకా వెళ్ళి ఆగింది. కింది పెదవి కొరుక్కున్నాడు. తర్వాత చెయ్యి వెనక్కి వచ్చి సుత్తి అందుకుంది. అస్తరుని జిగురుతో అంటించి, ముడతలు పోయేలా అరచేత్తో రాశాడు. ఇన్నేళ్ళలో అతని చేత్తో అలాంటి పని జరగడం అదే మొదలు.

జిగురు ఆరేలోపు జరగబోయేదంతా కళ్ళకి కట్టింది. కొండ ఎక్కే రోడ్డు మీద పిడి ఊడుతుంది. పెట్టె దొర్లుతుంది, మూత తెరుచుకుంటుంది, ఆ గాలికి బావ బనీన్లన్నీ లేచి రేవు మీదికి ఎగురుతాయి. పాడేవాళ్ళు పాట ఆపి చూస్తారు. వియ్యంకుడు ఒక లుంగీ వెంట పరిగెడతాడు. మేస్త్రికి ఎంత హాయిగా అనిపించిందంటే, పైకే నవ్వేశాడు.

"ఏంటండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" క్యారేజీ పట్టుకుని లోపలికొచ్చింది భార్య.

"తాళాల బావ రాజధాని వెళ్తున్నాడు."

ఆమె అతని మొహంలోకి చూసింది. "అదా సంగతి. దానికి కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం ఎందుకు? మీరూ వెళ్ళండి. ఎవరొద్దన్నారు?"

అతను క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే విడదీశాడు. ఎవరూ వద్దనలేదు. అదే వచ్చిన చిక్కు.

"మీకు వెళ్ళాలని ఎక్కడుందండీ," అంది ఆమె గిన్నె మూత తీసిపెడుతూ, "వెళ్దామనుకుంటూ ఉండాలని ఉంది గానీ. అన్నయ్యగారికి ఆ జబ్బు లేదు. వాళ్ళు రమ్మన్నారు, ఆయన లేచారు."

"నువ్వు ఇంటికెళ్ళు," అన్నాడు మేస్త్రి. ఆమె నవ్వుకుంటూ వెళ్ళింది. ఆ నవ్వు మీద కూడా అతనికి మండింది.

తినడం సగంలో ఆపి పై అరకు వైపు చూశాడు. అక్కడ ఒక బ్యాగు పాత దుప్పట్లో చుట్టి ఉంది. తన ప్రయాణానికని తను చేసుకున్నది. యజమానులు తిరిగిరాని బ్యాగుల్లోంచి మంచి మంచి భాగాలు తీసి కట్టాడు. ఒకదాని గట్టి అడుగు, ఒకదాని చక్రాలు, ఉప్పుకి లొంగని ఇత్తడి జిప్పు. ఏటా ఒకసారి దించి, తుడిచి, జిప్పుకి మైనం రాసి మళ్ళీ పెడతాడు. దానికి చాటుగా ఈల వేస్తాడని భార్య వెక్కిరిస్తుంది.

మధ్యాహ్నం బావ రెండు టీ గ్లాసులు పట్టుకుని మెట్టు దగ్గరికి వచ్చాడు. వెళ్ళకపోతే బాగుండదని మేస్త్రి వెళ్ళి కూచున్నాడు.

"వ్యానులో ఇంకో చోటు ఉంటుందేమోనని అడిగాను బావా," అన్నాడు తాళాలాయన. "సామాన్లు పెట్టేశారట."

"నేనడిగానా?"

"అడగలేదనుకో." బావ గ్లాసుని చేతుల్లో తిప్పాడు. "గాలి ఏ వేళప్పుడు ఎక్కువగా ఉంటుందన్నావు? చెప్పవూ, నాకు గుర్తు లేదు."

"గాలా? పెద్దగా ఏం ఉండదు. అంతా జనం చేసే హడావుడి."

"మరి గోడల మీది బొమ్మలు?"

"సున్నం కొట్టేశారట."

బావ అతన్ని చాలాసేపు చూశాడు. ఎన్ని మొండి తాళాల్ని అలా చూశాడో. తర్వాత ఖాళీ గ్లాసులు రెండూ తీసుకుని లేచాడు. అబద్ధం చెప్పాక మనసు తేలికపడుతుందనుకున్నాడు మేస్త్రి. పడలేదు. బావ ఆ ఊళ్ళో దిగి గోడ నిండా బొమ్మలు చూసినప్పుడు మొదట ఎవర్ని తలుచుకుంటాడో అని మాత్రం ఆలోచన వచ్చింది. దాన్ని తోసేశాడు.

ఎండ తగ్గే వేళకి వ్యాను వీధి మొదట్లో ఆగింది. బావ పెట్టెని ఇంటికి తీసుకెళ్ళి, బట్టలు సర్దుకుని, మళ్ళీ కొట్ల మీదుగానే వచ్చాడు. వెనక వియ్యంకుడు. తెల్లటి చొక్కా, నున్నటి బుగ్గలు, అడుగు తీసి అడుగు వేస్తే దుమ్ము అంటుతుందేమోనన్న నడక.

"ఇలా రండి బావగారూ," అన్నాడు తాళాల బావ. "ఈయనే నేను చెప్పిన మేస్త్రి."

బావగారట. గారు కూడాను. మేస్త్రి తల ఊపాడు.

"అంత పాత పెట్టె ఎందుకండీ, దారిలో ఊడుతుంది. మా వాళ్ళది ఇంకోటి ఉంది," అన్నాడు వియ్యంకుడు.

"ఇదా? ఊడటమా?" బావ ఆ నిండు పెట్టెని పిడి పట్టుకుని గాల్లోకి లేపి ఊపాడు. మేస్త్రి గుండె కూడా దాంతోపాటే ఊగింది. "ఇది మా బావ చేతిపని. ఇది ఊడిందంటే నేను మీసం తీసేసి ఆ రేవులో తిరుగుతాను. అక్కడ దిగాక ప్రతివాడికీ చూపిస్తాను, పనంటే ఇదీ అని."

వియ్యంకుడు మర్యాదకి నవ్వాడు. మేస్త్రికి నవ్వు రాలేదు. ఎగిరే బనీన్లు, పరుగెత్తే వియ్యంకుడు, పొద్దుటినుంచి అంత ముద్దొచ్చినవన్నీ ఒక్కసారిగా వేరేగా కనిపించాయి. అంత మంది చేతిపనివాళ్ళున్న ఊరు అది. గోడకి రంగు వేసేవాళ్ళు, బొమ్మకి కీలు బిగించేవాళ్ళు, చెక్కలోంచి పాట పలికించేవాళ్ళు. ఆ ఊళ్ళో తన గురించి తెలిసే మొట్టమొదటి సంగతి ఊడిన పిడి. తర్వాత ఎప్పుడు వెళ్ళినా తను వాషరు వెయ్యని మేస్త్రే.

"ఇటివ్వు," అన్నాడు.

"ఏం?"

"పిడి నాకు నచ్చలేదు. ఇటివ్వు చెప్తాను."

"వ్యాను నిలబడి ఉంది బావా."

మేస్త్రి అప్పటికే స్టూలు ఎక్కాడు. అరకు మీంచి దుప్పటి మూట దించి, దుప్పటి లాగి పారేశాడు. ఇత్తడి జిప్పు మెరిసింది. తాళాల బావ వెనక్కి ఒక అడుగు వేశాడు.

"అది నీది కదా. నువ్వు వెళ్ళేటప్పటికి కదా."

"నేను వెళ్ళేటప్పటికి ఇంకోటి కట్టుకుంటాను. తెరువు."

ఇద్దరూ బల్లకి అటూ ఇటూ నిలబడి, ఒక పెట్టెలోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టారు. ఇస్త్రీ చొక్కాలు, లుంగీలు, తువ్వాలు. వీధి మొదట్లో హారన్ మోగింది, వియ్యంకుడు ముందు నడిచాడు. పాత పెట్టె అడుగు ఖాళీ అయ్యాక బావ చెయ్యి అలవాటుగా పిడి వెనక అస్తరుని తడిమింది. బొటనవేలు రివెట్టు చివర మీద ఆగింది. అక్కడ బిళ్ళలా తగలాల్సింది తగల్లేదు. లోహంతో బతికే మనిషి అతను. తలెత్తి మేస్త్రిని చూశాడు. మేస్త్రి గుమ్మం వైపు చూశాడు.

బావ ఆ చోట అస్తరుని అరచేత్తో మెల్లగా నొక్కి సర్దాడు.

"పోయొస్తాను బావా," అన్నాడు.

"గాలి బాగానే ఉంటుంది," అన్నాడు మేస్త్రి. "బొమ్మలు కూడా ఉన్నాయి. సున్నమేం కొట్టలేదు."

"తెలుసులే."

వీధి పొడుగునా బ్యాగు చప్పుడు చెయ్యకుండా వెళ్ళింది. అన్ని చక్రాలూ ఒకే తీరుగా తిరుగుతున్నాయి, ఎక్కడా పక్కకి లాగడం లేదు. ఈల వేయదగ్గ పని. ఈ వీధి రాళ్ళ మీదే ఇంత బాగా దొర్లిన బ్యాగు, రేపు రేవు గట్టు మీద దొర్లుతుంది. మేస్త్రికి ఇప్పుడు బ్యాగు మీద కూడా అసూయ పుట్టింది. వ్యాను తలుపు పడింది. పక్క కొట్టుకి తాళం వేసి ఉంది, మెట్టు ఖాళీగా ఉంది. రేపు మధ్యాహ్నం అక్కడ ఒక్కడూ కూచోవడం ఎలాగో అతనికి తెలియలేదు.

లోపలికొచ్చి పాత పెట్టెని ముందుకు లాక్కున్నాడు. సుత్తి వెనకవైపుతో రివెట్టుని పీకి, ఈసారి వాషరు తొడిగి కొట్టాడు. ఎవరికోసమో తెలియదు, కానీ కొట్టాడు. మూత వెయ్యబోతే లోపలి జేబు ఉబ్బెత్తుగా కనిపించింది. హడావుడిలో అందులోది తియ్యడం ఇద్దరూ మరిచారు. అతను వేళ్ళు పెట్టి లాగాడు.

ఊలు మఫ్లరు. కొత్తది, ముదురు నీలం. గాలి గురించి ఇన్నేళ్ళూ తను చెప్పిందంతా నమ్మి కొనుక్కున్నట్టున్నాడు. చెవులు గడ్డకట్టుకుపోతాయి వెధవకి, బాగా అయింది అనుకున్నాడు మేస్త్రి. అనుకుని, పరుగున గుమ్మం దాకా వెళ్ళాడు. వీధి మొదట్లో వ్యాను లేదు.

ఒళ్ళో పెట్టుకుని మడత విప్పాడు. షాపువాడు ధర రాసి కుట్టిన చిన్న అట్టముక్క ఇంకా ఊలుకి వేలాడుతూనే ఉంది.