వచ్చి చూసిపోయినవారు

బద్వేలు బజారులో వెంకటరమణయ్య బట్టల కొట్టు తెలియనివాళ్లు లేరు. ఆ ఇంట్లో మాత్రం కొన్నేళ్లుగా ఎవరూ పలకని పేరు ఒకటుంది. ఉదయశ్రీ. కాలేజీలో తనతో చదివిన జయకుమార్‌ను చర్చిలో పెళ్లాడి ఆమె కర్నూలు వెళ్లిపోయిన రోజే, కూతురి మాట ఎత్తగూడదని వెంకటరమణయ్య కట్టడి చేశాడు. తల్లి కన్యకమ్మ కళ్లొత్తుకుని ఊరుకుంది. అన్న వేణుగోపాల్ తండ్రికి ఎదురు చెప్పలేకపోయాడు.

చెప్పలేకపోయాడు గాని, మరిచిపోనూ లేకపోయాడు. 2006 మొదట్లో స్నేహితులంతా ఆర్కుట్, ఆర్కుట్ అంటుంటే తనూ ఆ స్నేహాల సైటులో ఒక ఖాతా తెరిచాడు. మొదట వెతికింది చెల్లెలి పేరే. దొరికింది. అప్పటినుంచి మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే నరసింహ నెట్ సెంటర్‌లో కూర్చుని ఆమె ఫొటోలు చూసేవాడు. కొత్త ఫొటోలో బుగ్గలు నిండాయి, కడుపు ఎత్తుగా కనిపించింది. ఆ రోజు కొట్లో చీరలు మడతపెడుతూ తనలో తానే నవ్వుకున్నాడు.

ఆమె పేజీలో స్క్రాపు, అంటే చిన్న సందేశం, రాసే ధైర్యం మాత్రం లేదు. ఒకరికి రాసింది అందరూ చదవొచ్చు. కడపలో ఉండే మేనమామ కొడుకులూ ఆర్కుట్‌లోనే ఉన్నారు.

ఎండలు ముదిరాక ఒకనాడు తన పేజీలో కొత్తగా పేర్ల వరుస ఒకటి కనిపించింది.

"ఏమప్పా నరసింహా, ఇదేంది?"

"ఈమధ్యనే పెట్టినారన్నా. నీ పేజీ ఎవరెవరు చూసిపోయినారో చెప్తాది. నువ్వు ఎవరిది చూసినా వాళ్లకీ తెలుస్తాది."

ఇన్నాళ్లూ చాటుగా చేసిన పని బయటపడిందన్నమాట! అంతలో వేణు ఆ వరుసలో చివరి పేరు చదివాడు. ఉదయశ్రీ.

తన పేజీలో ఏముంది గనక? కొట్టు ముందు దిగిన ఒక్క ఫొటో. అందులో వెనకాల గల్లాపెట్టె దగ్గర నాయన సగం కనిపిస్తాడు. దాన్ని చూడటానికి వచ్చిపోయింది పిచ్చిపిల్ల.

అతని ముఖం చూసి నరసింహ దగ్గరికొచ్చాడు. "వద్దనుకుంటే తీసేయొచ్చన్నా. ఈడ నొక్కితే నీ పేరు ఎవరికీ కనపడదు."

వేణు మళ్లీ ఆ పేరు వైపు చూశాడు. "ఉండనీలేప్పా," అన్నాడు.

మరునాటికి స్క్రాపు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "అన్నా, నువ్వూ చూస్తాండావా? అమ్మ మోకాళ్లు ఎట్లుండాయి?"

అక్షరం అక్షరం వెతుక్కుంటూ జవాబు కొట్టాడు. "అమ్మ బాగుండాది. నువ్వు వేళకు తింటాండావా? ఎన్నో నెల?"

"ఏడో నెల."

అనుకున్నట్టే సంగతి కడప చుట్టి బద్వేలు చేరింది. వెంకటరమణయ్య కొడుకును పిలిచాడు.

"దానికి రాస్తాండావంట."

వేణు ఈసారి తల దించుకోలేదు. "అవు నాయనా. ఏడో నెలంట."

పెద్దాయన బజారువైపు చూశాడు. తర్వాత స్టూలెక్కి, పై అరలోంచి చిలకపచ్చ పట్టుచీర తీసి కొంగు విప్పాడు.

"ఈ రంగు దానికి నప్పుతాదా?"

"శానా బాగా నప్పుతాది."

"మీ అమ్మను తోడుకోని పో. కొట్టు నేను చూసుకుంటా."

కర్నూల్లో తలుపు తీసిన ఉదయశ్రీ తల్లిని చూడగానే వాటేసుకుంది. కన్యకమ్మ కూతుర్ని కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, గాజులు తొడిగింది. జయకుమార్ నీళ్ల చెంబుతో గుమ్మంలో మొహమాటంగా నిలబడితే, "రా నాయనా, కూర్చో," అని పక్కన చోటు చూపింది.

"నాయన కోపం పోయిందా అన్నా?"

"అడగలేదమ్మా. చీర మాత్రం తనే ఏరినాడు."

ఉదయశ్రీ లోపలికి వెళ్లి ఆ చీర కట్టుకొచ్చింది. భర్తచేత ఫొటో తీయించుకుని, అన్నవైపు తిరిగింది.

"పేజీలో పెట్టేదా?"

"పెట్టు. నాయనను నేను నెట్ సెంటర్‌కు తోడుకోని పోయి చూపిస్తా."