రెండో బ్రేకు

బానెట్ ఎత్తి, దానికి చీపురుకర్ర ఆనించి, మాస్టారు రేడియేటరులో మూడో చెంబు నీళ్ళు పోస్తున్నారు. మూడు చెంబులు తాగి నాలుగోది కక్కితే ఆ పూట బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. రెండింటికే కక్కితే లోపల ఎక్కడో గాలి పట్టినట్టు. ఈ రోజు మూడూ తాగి, నాలుగోది ఆయన ముఖానే కక్కింది. చొక్కా చేతితో ముఖం తుడుచుకుని ఆయన టైర్ల దగ్గరికి వెళ్ళారు. ఇదివరకు ఒక్కో టైరునూ కాలితో తన్ని చూసేవారు. మూడు నెలలుగా వంగి, గుప్పిటతో గుద్ది చూస్తున్నారు. టైరులో గాలి ఉందో లేదో కాలు చెప్పడం మానేసింది.

భార్య గుమ్మంలో నిలబడి ఆ గుద్దడం చూస్తోంది. పోయిన వారం ఆమె బకెట్టులో కాగిన నీళ్ళు పెట్టి, చన్నీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆయన అందులో కుడికాలు పెట్టుకుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నారు. ఆమె వేలు ముంచి కెవ్వుమంది. ఆయన పేపరు దించి, "ఏమైంది?" అన్నారు.

"ఆ కాలు పెట్టుకుని ఇంకొకళ్ళ ప్రాణాల మీద కూర్చుంటున్నారు," అంది ఆమె ఇప్పుడు.

"కూర్చునేది సీటు మీదే."

"నాకు నవ్వు రావటం లేదు."

"ఈ పూట ఆయమ్మకి టెస్టు. అది కానివ్వు, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"మొన్న బట్టల కొట్టాయన టెస్టు అన్నారు. అంతకు ముందు ఇంకెవరిదో. ఈ ఊళ్ళో జనానికి టెస్టులు అయ్యేదెప్పుడు, నాకు కంటిమీద కునుకు పట్టేదెప్పుడు?"

ఆయన బానెట్ మూసి, దాని మీద రెండు చేతులూ ఆనించి ఒరిగారు. అలా బరువు వేస్తే తప్ప అది పట్టదు.

ఊళ్ళో సగం మంది డ్రైవింగు నేర్చుకున్నది ఆ బండిలోనే. ఒకప్పుడు దాని రంగు నీలం అని ఆయన చెబుతారు. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. డ్రైవరు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తీసుకోవాలి. వైపరు వేస్తే తప్ప హారను మోగదు. అందుకని మండుటెండలో ఆ బండి అద్దం తుడుచుకుంటూ వస్తోందంటే, ముందెవరో అడ్డం ఉన్నారని అర్థం. అన్నిటికన్నా పెద్ద జబ్బు మూడో గేరుది. వేసి వదిలేస్తే దూకి బయటికి వచ్చేస్తుంది. ఎడమ చేత్తో గేరు కర్రను అదిమిపట్టి, కుడిచేత్తో స్టీరింగు తిప్పాలి. ఎవరైనా బాగు చేయించమంటే, "బాగు చేయిస్తే ఎవడైనా నడుపుతాడు. ఇది నడిపినవాడు ఏదైనా నడుపుతాడు," అనేవారు.

ఒక్కటి మాత్రం ఆ బండిలో ఎన్నడూ చెడలేదు. మాస్టారు కూర్చునే ఎడమ సీటు ముందు ఉన్న రెండో బ్రేకు. దాని వెనక ఒక కథ ఉంది. పడుచుతనంలో ఆయన కలప డిపో యజమాని కారు నడిపేవారు. దాని బ్రేకు మూడుసార్లు తొక్కితే ఒకసారి పట్టేది. ఒకనాడు పల్లంలో నాలుగోసారీ పట్టలేదు. కారును నేరుగా రంపప్పొట్టు గుట్టలోకి పోనిచ్చారు. వెనక సీట్లో ఉన్న యజమాని తల్లి తలమీద పొట్టు దులుపుకుని, "ఎంత మెత్తగా ఆపావురా!" అని మెచ్చుకుంది. ఆయన మాత్రం వారం రోజులు స్టీరింగు ముట్టలేదు. సొంత బండి కొన్నాక చేసిన మొదటి పని భార్య పాత కుట్టుమిషను కింది ఇనుప పలకను కోయించి, కడ్డీతో అసలు బ్రేకుకు కలిపి వెల్డింగు చేయించడం. వెడల్పాటి పలక, పువ్వుల జాలీ ఉన్నది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన కుడిపాదం దాని మీద తేలుతూ ఉంది. గొడ్డు అడ్డం వచ్చినా గోడ అడ్డం వచ్చినా, నేర్చుకునేవాడి బుర్రకు తట్టే లోపల ఆ పాదానికి తట్టేది. ఊళ్ళో ఆయన పేరు కూడా అదే. 'రెండో బ్రేకు' ఇల్లెక్కడ అంటే పసిపిల్లలైనా చూపిస్తారు.

ఎనిమిదిన్నరకు ఆయమ్మ వచ్చింది. బడి వ్యానులో తొమ్మిదేళ్ళుగా పిల్లల్ని ఎక్కించి దించే మనిషి. వ్యాను డ్రైవరు చూపు తగ్గి సోమవారం నుంచి మానేస్తున్నాడు. లైసెన్సు తెచ్చుకుంటే ఆ సీటు నీదేనని హెడ్మాస్టరమ్మ మాటిచ్చింది. ఈ రోజు తప్పితే టెస్టు మళ్ళీ వచ్చే నెలే. అప్పటిదాకా సీటు ఖాళీగా ఉండదు.

"రాత్రంతా కలలో మూడో గేరు పట్టుకునే పడుకున్నాను మాస్టారూ. మా ఆయన చెయ్యి కమిలిపోయింది," అంటూ ఎక్కింది.

మాస్టారు నవ్వి, ఎడమ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.

వీధి మలుపు తిరగకముందే బండి ఆగిపోయింది.

"క్లచ్చి మెల్లగా వదులమ్మా."

మార్కెట్టు దగ్గర రెండుసార్లు ఆగింది. పోస్టాఫీసు ఎత్తులో మూడుసార్లు. పోయిన వారం ఇదే ఎత్తును ఆమె పాట పాడుకుంటూ ఎక్కించింది. ఇప్పుడు పైపెదవి మీద చెమట పట్టింది.

"బండి లాగటం లేదు మాస్టారూ. ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని గుంజుతున్నట్టుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు బండిని అనకు. చేతిలో బెరుకు పెట్టుకుంటే ఏ బండీ లాగదు."

బండి మరి మూడుసార్లు ఆగింది. వెనక హారన్లు. ఏదో కాలుతున్న వాసన వస్తోంది. పక్క బండిది కాబోలనుకుని మాస్టారు కిటికీ అద్దం ఎత్తబోయారు. అప్పుడే ఒక స్కూటరాయన పక్కకు వచ్చి, కిటికీలోకి వంగి అరిచాడు.

"మాస్టారూ, మీ వెనక ఎర్రలైటు ఆరటం లేదు! బ్రేకు తొక్కిపట్టి నడిపిస్తున్నారా ఏంటి?"

ఆయమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. "నేను తొక్కలేదు. నా కాలు పక్కనే ఉంది."

మాస్టారు కిందికి చూశారు.

ఇనుప పలక మీద తన కుడిపాదం ఉంది. ఉండటం కాదు, తొక్కుతోంది. పలక సగం దాకా కుంగిపోయి ఉంది. ఆ పాదం తనదని కళ్ళు చెబుతున్నాయి గాని ఒంట్లో ఇంకేదీ చెప్పడం లేదు. ఎవరో మరిచిపోయి వెళ్ళిన సామానులా ఉంది. ఎత్తాలనుకున్నారు. అది లేచిందో లేదో తెలుసుకోవడానికి మళ్ళీ చూడాల్సి వచ్చింది.

"స్విచ్చి అతుక్కుపోయి ఉంటుంది," అన్నారు స్కూటరాయనతో.

"ఈ బండికి అదొక్కటే తక్కువయ్యింది," అని నవ్వుకుంటూ ఆయన వెళ్ళిపోయాడు. ఆ బండి మీద ఏ నింద వేసినా నమ్మనివాళ్ళు ఊళ్ళో లేరు.

ఆయమ్మ కూడా నమ్మింది. "లైటు సంగతి సరే, ఆపింది నేనే కదా. తొమ్మిదిసార్లు," అంది.

మాస్టారు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా రెండు చేతులతో కుడి మోకాలు పట్టుకుని లేపి, ఎడమ తొడ మీద వేసుకున్నారు. బండి ఒక్కసారిగా తేలికై ముందుకు ఉరికింది. ఆమె తడబడి స్టీరింగు సర్దుకుంది. రెండో గేరు. మూడో గేరు. ఎడమ చెయ్యి కర్రను అదిమిపట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఆ బండికి ఒకటే బ్రేకు. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆగమని చెప్పాలి. పక్కన ఆపు, ఇంకెవరినైనా పిలుద్దాం అనాలి. మాట గొంతు దాకా వచ్చింది. గ్రౌండు ఇంక ఎంతో దూరం లేదు కదా అని అక్కడే ఆగిపోయింది.

ఫర్నిచరు కొట్టు పక్క సందులోంచి ఇద్దరు మనుషులు నిలువుటద్దం బీరువా మోసుకుని వస్తున్నారు. ముందువాడు వెనక్కి నడుస్తున్నాడు. అలాగే వీపు పెట్టి రోడ్డు మీదికి వచ్చేశాడు. వాడి వెనకే అద్దం తిరిగింది. ఆ అద్దంలో రంగు తెలియని బండి ఒకటి వైపరు కూడా వేసుకోకుండా మీదికి వస్తోంది. స్టీరింగు వెనక ఆయమ్మ, ఆమె పక్కన కాలు మీద కాలు వేసుకుని దర్జాగా ఒక ముసలాయన.

మాస్టారి నడుము నుంచి కిందికి ఆజ్ఞ వెళ్ళింది. తొడ అదిరింది. అంతే.

ఆమె కర్ర వదిలేసింది. గేరు ఊడింది. ఇంజను గొంతు చించుకుంది. టైర్లు కీచుమన్నాయి. బీరువా మోసేవాడి నడుముకు జానెడు దూరంలో బండి ఆగింది.

"కళ్ళు కనిపించటం లేదా?" వాడు అరిచాడు.

"నీకు వీపున ఉన్నాయా కళ్ళు?" ఆయమ్మా అరిచింది. ఆ తర్వాత ఇటు తిరిగింది. "మాస్టారూ, మీరు తొక్కారు కదూ?"

"లేదు. నువ్వే తొక్కావు."

"నా మనసు ఊరుకోవాలని అంటున్నారు."

ఆయన పోనివ్వమని చేత్తో సైగ చేశారు.

టెస్టు గ్రౌండులో ఆరు బండ్లు వరసలో ఉన్నాయి. మాస్టారు దిగలేదు. లైసెన్సు పొడిగించుకోవడానికి వచ్చిన అంబులెన్సు డ్రైవరూ, టాక్సీ ఆయనా మాస్టారి కిటికీ దగ్గరికి చేరారు. ఇద్దరూ ఒకప్పటి శిష్యులే.

"ఇంకా బతికే ఉందా ఇది!" అన్నాడు టాక్సీ ఆయన, బండి తలమీద తడుతూ. "నేను మొదట తోలిన టాక్సీకి రివర్సు లేదు మాస్టారూ. ఎక్కడ దూరినా ముందుకే పోవాలి. ఓ పెళ్ళిబృందాన్ని తీసుకెళ్ళి గుడ్డిసందులో పెట్టేశాను. చివరికి పెళ్ళికొడుకు కూడా దిగి వెనక్కి నెట్టాడు."

"నా మొదటి అంబులెన్సు ఇంకా నయం. కూత మొదలెడితే ఆగేది కాదు. రోగికి నయమై ఇంటికి నడిచిపోయినా అది ఏడుస్తూనే ఉండేది."

"అవన్నీ దీని కాలిగోటికి చాలవు. ఇప్పుడు నాది కొత్త కారు. అయినా మూడో గేరు వేస్తే చెయ్యి తీయను. ఆ చెయ్యి ఖాళీ అయితే పట్టుకుందామని మా ఆవిడ ఏళ్ళ తరబడి చూస్తోంది, పాపం!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. మాస్టారు కూడా నోరు సాగదీశారు. ఆయమ్మ నవ్వలేదు. వాళ్ళు అవతలికి వెళ్ళగానే స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నా వల్ల కాదు మాస్టారూ. ఇంటికి పోదాం."

"ఇంత దూరం వచ్చి..."

"పొద్దున్నుంచి తొమ్మిదిసార్లు ఆపేశాను. ఇందాక ఓ మనిషిని చంపేసేదాన్ని. ఆ వ్యానులో ఇరవై ఆరుమంది పిల్లలుంటారు. ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని ఎక్కించింది నేను. ఆయాగానే ఉంటాను. దీనికి చెయ్యి కావాలి, నాకది లేదు. మీరే అన్నారుగా, మద్దెల ఓడు కాదని."

ఇన్‌స్పెక్టరు కాగితాల అట్టతో వరసలో వస్తున్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఈ సీట్లోనే కూర్చుని, గేటు స్తంభాన్ని గుద్దబోయి ఏడ్చిన మనిషి. ఇప్పుడు అతని సంతకంతోనే మాస్టారు ఏటా ఈ పని చేసుకుంటున్నారు. ఆయన కిటికీలోంచి ఆ నడక చూశారు. పక్కన ఆయమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు తీసుకోబోతోంది. ఆమె దిగిపోతే ఏ గొడవా ఉండదు. స్విచ్చి అతుక్కుంది. బండి మొండిది. రేపు ఇంకొకరు వస్తారు.

"నమస్కారం మాస్టారూ. ఈవిడేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కిటికీలోకి వంగి.

"తలుపు వదులమ్మా," అన్నారు మాస్టారు. "తొమ్మిదీ నావే."

"ఏంటి మాస్టారూ?"

"బండి ఆగింది నీ వల్ల కాదు. నా కాలు బ్రేకు మీద పడుకుంది. అది అక్కడుందని నాకే తెలియలేదు. మూడు నెలలుగా ఇంతే. బీరువా దగ్గర కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీకు రెండో బ్రేకు లేదు. ఆపింది నువ్వు ఒక్కదానివే."

ఆయమ్మ ఆయన ఒళ్ళోకి చూసింది. ఆమె చూపు చూసి ఇన్‌స్పెక్టరూ చూశాడు. ముందు బండి కదిలి వెళ్ళింది.

"మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి, "నేనిది విన్నట్టా, విననట్టా?"

మాస్టారు రెండు చేతులతో కాలిని పట్టి కిందికి దించుకున్నారు.

"విన్నట్టే రాసుకో నాయనా."

ఇన్‌స్పెక్టరు తలుపు తీసి పట్టుకున్నాడు. మాస్టారు పైచట్టం పట్టుకుని దిగారు. ఆయమ్మ "మాస్టారూ..." అని ఆగిపోయింది.

"అయ్యాక బండి మా ఇంటి ముందు పెట్టు. తాళం మా ఆవిడ చేతికివ్వు. నాకివ్వకు."

ఇన్‌స్పెక్టరు ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని, తాళం తిప్పి, క్లచ్చి వదిలింది. బండి ఆగలేదు. మొదటి గేరు, రెండు, మూడు. అడగకుండానే ఎడమ చెయ్యి కర్ర మీదికి వెళ్ళి అదిమిపట్టింది. ఇన్‌స్పెక్టరు ఆ చేతిని చూసి అట్ట మీద ఏదో రాసుకున్నాడు. కాళ్ళు చాపబోతే పాదానికి ఏదో తగిలింది. వంగి చూసి, చటుక్కున తలెత్తాడు.

మాస్టారు అప్పటికే గ్రౌండు సగం దాటారు. ఎండకు కాలిన కంకర మీద, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా, కుంటకుండా, తడబడకుండా, తోవ పొడుగునా అలాగే గేటు వైపు నడిచిపోతున్నారు.

ఇన్‌స్పెక్టరు కాళ్ళు ముడుచుకుని వెనక్కి జరిగి కూర్చున్నాడు. అతని బూట్ల మధ్య, ఇనుప పువ్వుల పలకను ఆనుకుని, కుడికాలి చెప్పు ఒకటి పక్కకు ఒరిగి ఉంది. మడమ దగ్గర కాగితంలా అరిగిపోయి, బొటనవేలి చోట గుంట పడి, బండి మలుపు తిరిగినప్పుడల్లా కాస్త జరిగి మళ్ళీ అక్కడికే వస్తోంది.