కెమెరా పట్టుకున్న కునుకు

కారులో కొత్తగా బిగించిన కెమెరా రోడ్డుతోపాటు నడిపేవాళ్ళ మొహాన్నీ చూస్తుంది. కళ్ళు మూతపడితే కుయ్యిమంటుంది. నాయన అమ్మతో బంగారుపాళ్యం నుంచి వస్తుంటే అది ఆయన మీద మూడుసార్లు అరిచిందట.

"నేనేడ నిద్రపోయినా? ఆ అబద్ధాల పెట్టెను పీకేయ్ సుజనా! కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా పా."

ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. పైగా కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేయడానికి మా వైపు ఎవరికీ ధైర్యం చాలదు. నాయన్నే నమ్మాను. పీకేముందు ముగ్గురం ఒకసారి చూద్దామని రికార్డింగును టీవీలో పెట్టాను.

తెర సగంలో రోడ్డు, సగంలో వాళ్ళిద్దరూ. అమ్మ ఏదో చెబుతూనే ఉంది. నాయన కళ్ళు మూతపడ్డాయి. ముందు పోతున్న లారీ పెద్దదవుతూ దగ్గరికొచ్చింది. కుయ్యిమనగానే ఆయన కళ్ళు తెరిచి, ఏమీ జరగనట్టే, "ఊ, చెప్పు" అన్నాడు.

నాయన అబద్ధమాడలేదు. నిద్రపోయిన సంగతే ఆయనకు తెలీదు.

"ఏమయ్యా, నా మాటలన్నీ ఇట్లేనా ఇన్నావు?" అని అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"ఇంకోసారి పెట్టుమ్మా" అన్నాడు నాయన.

ఈసారి ఆయన తన మొహం చూసుకోలేదు, తెరమీద అమ్మనే చూశాడు. తర్వాత జేబులోంచి కారు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.