ఎడమ చేతికి పనేముంది

టిక్… టిక్… టిక్…

కత్తెర గాలిలో ఆడుతోంది.

ఇంకా ఒక్క వెంట్రుకా తెగలేదు. చెవి వెనక ఇనుము చల్లగా తగిలీ తగలనట్టుంది. మెడ చుట్టూ తెల్లగుడ్డ. కిటికీలోంచి పొద్దుటి ఎండ వచ్చి నా ఒళ్ళో పడింది. నేను ఇటుకల మీద కూర్చున్నాను. అయిదు వరసల ఇటుకలు, పైన మడతపెట్టిన దుప్పటి.

వెనక ఆయన నిలబడి ఉన్నారు.

కుడిచెయ్యి కత్తెర ఆడిస్తోంది. ఎడమచెయ్యి రావాలి.

ఇంకా రాలేదు.

మా ఆయనది కటింగ్ షాపు. వీధి మలుపులో, తాళాలు బాగుచేసే ఆయన కొట్టు పక్కన. రెండు కుర్చీలు, గోడ పొడుగునా ఒక అద్దం, మూలన నీళ్ళు కాచుకునే కెటిల్. వెనక గది మా వంటిల్లు. మధ్యన ఒక పరదా.

ఇరవై రెండేళ్ళు ఆ పరదాకు ఇవతల కూరలు తరుగుతూ ఆ చప్పుడు విన్నాను.

టిక్ టిక్ టిక్ – కచ్.

టిక్ టిక్ టిక్ – కచ్.

మూడు ఉత్తుత్తివి. ఒకటి నిజంది.

నాకు నవ్వొచ్చేది. తెగేది ఒకటైతే ఆడేది మూడు, మీ కత్తెరక్కూడా నాలాగే నోరెక్కువ అనేదాన్ని. ఆయన మాటల మనిషి కాదు. అద్దంలోంచే నవ్వి ఊరుకునేవారు. ఒక్కసారి మాత్రం, అలా ఆడకపోతే రెండో చెయ్యి లయ తప్పుతుందే అన్నారు.

రెండో చెయ్యి ఏం చేస్తుందని నేను అడగలేదు.

నేను అడిగే రకం కాదు. చెప్పే రకం.

ఆయన నాలిక ఎడమ అంచున చిన్న పుండు లేచింది. పన్ను ఒరుసుకుంది అన్నాను. ఆయన సరేనన్నారు. నెల గడిచింది. కారం తగ్గించాను. ఇంకో నెల గడిచింది. అప్పటికే తక్కువ మాట్లాడే మనిషి, ఇంకా తక్కువ మాట్లాడుతుంటే నాకేం తేడా తెలియలేదు…

తెలియాల్సింది.

డాక్టరు తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నాలికలో ఇంత తీసేస్తాం. తీసినచోట అతుకు వేస్తాం. అతుక్కి చర్మం ఒంట్లోంచే కావాలి, రక్తనాళంతో సహా. ముంజేతి లోపలివైపు చర్మం పలచగా ఉంటుంది, నాలికకు బాగా కుదురుతుంది. మెడలో గ్రంథులు కూడా తియ్యాలి. ఆ దారిలోనే భుజానికి వెళ్ళే నరం ఉంటుంది, అది కొన్నాళ్ళు అలుగుతుంది.

ఆ తర్వాత కలం ఎత్తి పట్టుకుని అడిగాడు, ఈయనది ఏ చేతి వాటం అని.

నేను చెప్పాను.

"కుడిచెయ్యేనండీ. కత్తెర పట్టేది కుడిచేత్తోనే. ఎడమ చేతికి పనేముంది?"

డాక్టరు మంచివాడు. మళ్ళీ అడిగాడు. చేతి పని చేసే మనిషి కదా, కావాలంటే తొడ నుంచి తీస్తాం, కాకపోతే అది మందంగా ఉంటుంది, మాట కాస్త ముద్దగా రావచ్చు అన్నాడు. నాకు మా ఆయన మాట కావాలి. ఉన్నవే నాలుగు మాటలు, అవీ ముద్దగా వస్తే ఎలా? చేతి నుంచే తియ్యండి అన్నాను.

కాగితం మీద 'ఎడమ' అని రాసుకున్నాడు.

తొమ్మిది గంటలు పట్టింది.

గ్రంథుల్లోకి క్యాన్సర్ పాకలేదన్నారు. రేడియేషన్ కరెంటు పెట్టనక్కర్లేదన్నారు. అదృష్టవంతులు అన్నారు. ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చాను. అప్పుడు ఏడ్చింది సంతోషంతోనే.

అయిదో వారం అద్దం ముందు నోరు తెరిచి చూసుకుని నన్ను పిలిచారు. అతుకు వేసినచోట సన్నగా నాలుగైదు వెంట్రుకలు. చేతి వెంట్రుకలు కదా, వాటికేం తెలుసు ఎక్కడున్నామో, మొలిచేశాయి. "ఊరందరి జుట్టూ కత్తిరించాను," అన్నారు, అక్షరాలు కూడగట్టుకుంటూ. "ఇది మాత్రం నా వల్ల కాదు." ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

నవ్వుతున్నప్పుడు ఆయన కుడిభుజం ఎగిరింది.

ఎడమది ఎగరలేదు.

అది జారిపోయి ఉంది. కొక్కేనికి సరిగ్గా తగిలించని చొక్కాలా.

ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి ఒకతె ఉంది. సన్నగా, గట్టిగా మాట్లాడేది. ఆయన్ని గోడకు ఎదురుగా నిలబెట్టి, ఎడమచేతి వేళ్ళను గోడమీద పైకి నడిపించమంది. చీమ ఎక్కినట్టు మెల్లగా. ఎక్కడిదాకా వెళ్ళాయో అక్కడ రోజుకో పెన్సిలు గీత. వ్యాయామం మాత్రం రోజుకి మూడుసార్లు.

"నరం తెగలేదు, అలిగింది అంతే," అంది నాతో. "అది తేరుకునేలోపు భుజం బిగుసుకుపోకుండా చూసుకోవాలి. కాస్త నొప్పి ఉంటుంది. జాలిపడి ఆపేయకండమ్మా."

జాలిపడి ఆపేయకండమ్మా.

ఆ మాట ఆ అమ్మాయి నాకే చెప్పింది. నా కళ్ళలోకి చూసి చెప్పింది.

మొదటి వారం ఏడు గీతలు. రెండో వారం నాలుగు. గోడకు నుదురు ఆనించి ఆయన పళ్ళు బిగబట్టేవారు. వీపు మీద చొక్కా తడిసిపోయేది. నేను చూడలేకపోయాను. ఈపూటకి చాల్లెండి అనేదాన్ని. రేపు చేద్దురుగాని అనేదాన్ని. ఆ చేతికి పనేముంది, ఎందుకంత హింస అని కూడా అన్నాను.

బొత్తాలు నేనే పెట్టాను. గ్లాసు నేనే అందించాను. తల నేనే దువ్వాను. పై అరల్లో ఉన్నవన్నీ కింది అరల్లోకి మార్చాను. దండెం కిందికి కట్టాను. అద్దం కిందికి దించాను. ఆయన చెయ్యి ఎత్తనక్కర్లేకుండా ఇల్లంతా ఆయన నడుము దగ్గరికి దించాను.

చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఎంత బాగా చూసుకుంటోందో అన్నారు.

నాకు గర్వంగా ఉండేది. సిగ్గు విడిచి చెప్తున్నాను, చాలా గర్వంగా ఉండేది.

మూడో నెల చివర ఆ అమ్మాయి ఆయన చేతిని పట్టుకుని పైకి లేపింది. ఛాతీ దాటి కాస్త వెళ్ళి ఆగిపోయింది. తలుపు వెనక ఏదో అడ్డుపెట్టినట్టు ఆగిపోయింది. ఇంట్లో చేస్తున్నారా అని ఆయన్ని అడిగింది.

"రోజూ చేస్తున్నారమ్మా," అన్నాను నేను.

ఆయన నేలవైపు చూశారు.

ఆరో నెలలో షాపు తెరిచాం.

మొదట వచ్చింది తాళాల ఆయన. ఆరునెలలుగా ఎవరి దగ్గరా తల పెట్టలేదట. జుట్టు చెవులమీదికి దిగింది, మెడమీద ఉంగరాలు తిరిగింది. నన్ను చూసి, మా ఇంట్లోవాళ్ళు నన్ను గుర్తుపట్టడం మానేశారమ్మా అన్నాడు. కూర్చున్నాడు. నేను పరదా పక్కకు జరిపి నిలబడ్డాను.

తెల్లగుడ్డ కట్టారు. కుర్చీ కిందికి దించారు. ఇంకా దించారు. ఇక దిగనంత దించారు.

టిక్ టిక్ టిక్…

కచ్ వినిపించలేదు.

టిక్ టిక్ టిక్ టిక్…

ఎడమచేతిలో దువ్వెన తాళాల ఆయన చెవిదాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వణికింది. మోచెయ్యి లేవడం లేదు. ఆయన నడుము వంచారు, పక్కకు ఒరిగారు, మునివేళ్ళ మీద లేచారు. చెయ్యి మాత్రం చెవి దగ్గరే ఉంది.

ఎనిమిది. తొమ్మిది. పదకొండు.

కత్తెర ఒంటరిగా ఆడుతోంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఇరవై రెండేళ్ళు నేను విన్నది కత్తెర గొప్పలు కాదు. ఆ మూడు ఉత్తుత్తి చప్పుళ్ళూ ఎడమచేతి పని. మొదటిదానికి దువ్వెన జుట్టును లేపుతుంది. రెండోదానికి వేళ్ళు పాయను పట్టుకుంటాయి. మూడోదానికి తలను ఇంత, ఇంతే, వెలుగు వైపు వంచుతాయి. ఆ తర్వాతే కచ్. కత్తెర ఒకటి చేస్తే ఎడమచెయ్యి మూడు చేసేది. గడ్డం గీసేటప్పుడు చర్మం సాగదీసి పట్టేది అదే. వేడి తువ్వాలు మొహాన వేసే ముందు ఎడమ ముంజేతి లోపలివైపు ఆనించి చూసుకునేవారు, చుర్రుమంటుందేమోనని. ఆ చర్మమే ఇప్పుడు ఆయన నోట్లో ఉంది.

పనేముంది అన్నాను నేను. డాక్టరు రెండుసార్లు అడిగినా అదే అన్నాను.

తాళాల ఆయన అద్దంలో ఆ చెయ్యి చూశాడు. కుర్చీలో మెల్లగా కిందికి జారాడు. ఇంకా జారాడు. మోకాళ్ళు అద్దం కింది బల్లకు తగిలాయి. అంత పెద్దమనిషి, మెడ కుర్చీ వీపుకు ఆనించి, సగం పడుకున్నట్టు ఉండి, "ఇప్పుడు అందుతుందా?" అన్నాడు.

దువ్వెన జారి నేలమీద పడింది.

ఆయన కత్తెర బల్లమీద పెట్టారు. తెల్లగుడ్డ విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టారు. రేపు రండి అన్నారు. ఆ 'రేపు' కూడా సరిగా రాలేదు.

తాళాల ఆయన వెళ్ళి తన కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. అలాగే, ఆ జుట్టుతోనే.

భుజం జబ్బు వల్ల పోయింది. అది నా మీద వేసుకోను. ముంజెయ్యి నా మాట వల్ల పోయింది. బిగుసుకుపోవడం మాత్రం పూర్తిగా నా ప్రేమ వల్ల. దానికి ఇంకో పేరుంటే బాగుండును, దొరకలేదు.

ఆయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది. నాలుగు రోజులు చూసి నేనే అడిగాను. మధ్యాహ్నం, షట్టరు సగం దించి ఉంది, ఆయన కత్తెరకు నూనె రాస్తున్నారు. ఆరోజు డాక్టరు దగ్గర మీరెందుకు చెప్పలేదండీ అని అడిగాను. నేను కూశాననుకోండి, మీకు తెలుసుగా ఆ చెయ్యి ఏం చేస్తుందో, ఒక్కమాట ఎందుకు అనలేదు అన్నాను. కోపంగానే అన్నాను. తప్పు మనదైనప్పుడు కోపం తొందరగా వస్తుంది.

ఆయన కత్తెర తుడిచారు. వెలుగులో పెట్టి చూసుకున్నారు.

"చెయ్యెత్తానుగా," అన్నారు.

అంతే అన్నారు. నిష్ఠూరం కూడా లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరు గది. తెల్లకాగితం, ఎత్తి పట్టుకున్న కలం. నా పక్కన ఆయన, నాలిక పుండుతో నోరు మెదపలేక, ఎడమచెయ్యి ఎత్తారు. క్లాసులో పిల్లవాడు ఎత్తినట్టు, భుజం దాటించి, తల దాకా. ఎంత తేలిగ్గా లేచిందో.

నేను ఆ చేతిని పట్టుకుని కిందికి దించాను. ఆయన ఒళ్ళో పెట్టి, పైన నా చెయ్యి పెట్టి నొక్కాను.

మీరు మాట్లాడకండి, నొప్పెడుతుంది, నేను చెప్తాగా… అన్నాను.

చెప్పాను.

మర్నాడు పొద్దున ఆయనే గోడ పక్కన తెల్లగుడ్డ పరిచారు. నేలవైపు చూపించి, కూర్చో అన్నారు.

నా జుట్టు నడుము దాకా ఉండేది. రోజూ నువ్వుగింజంత కత్తిరిస్తారు. మొదట నేలమీదే కూర్చున్నాను. నడినెత్తి దాకా చెయ్యి వచ్చిననాడు ఒక ఇటుక వరస. ఆ ఎత్తుకు చెయ్యి అలవాటు పడితే ఇంకొకటి. ఒక్కో వరసకు నెల పడుతోంది. షాపులో కుర్చీ తొమ్మిది వరసల ఎత్తు. కొలిచాను.

వ్యాయామం అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆరోజు అబద్ధం చెప్పానమ్మా అని ఒప్పుకున్నాను. తెలుసండీ అంది. ఎంతవరకు వస్తుందో చెప్పలేను, చేస్తూ ఉండండి అంది. అంతకంటే మాట ఇవ్వలేదు.

ఇప్పుడు జుట్టు భుజాల మీదికి వచ్చేసింది. అయిపోతే ఎలా అని అడిగాను ఓరోజు. మొలుస్తుందిలే, నా నోట్లోనే మొలవలేదా అన్నారు.

తాళాల ఆయన రోజూ షట్టరు వైపు ఒకసారి చూసి తన పని మొదలుపెడతాడు. ఆయన జుట్టిప్పుడు వెనక్కి కట్టుకునేంత అయింది.

నేను మాట్లాడటం తగ్గించాను. కూర్చుని లెక్కపెడతాను. ఖాళీ చప్పుళ్ళు మూడుకు రావాలి. నిన్న పధ్నాలుగు.

టిక్… టిక్…

పన్నెండు. పదమూడు.

చెవి పైన ఏదో తగిలింది. దువ్వెన పళ్ళు. వణుకుతున్నాయి. ఇంకా పైకి రావాలి. ఆయన ఊపిరి బరువుగా నా మాడు మీద పడుతోంది. నొప్పి పుడుతోందని వినగానే తెలిసిపోతుంది నాకు.

నా తల దానంతట అదే కిందికి వంగబోయింది. ఒక్క అంగుళం చాలు, చెయ్యి అందేస్తుంది. చాల్లెండి ఈపూటకి అన్న మాట గొంతుదాకా వచ్చింది.

నోరు మూసుకున్నాను. మెడ నిటారుగా పెట్టాను.

పధ్నాలుగు. పదిహేను.

కత్తెర గాలిలో ఆడుతోంది…